మొదటి డ్రమ్ము

కథలాపూర్ అవతల ఒక ఊరు. సగం కట్టిన ఇల్లు. దాని ముందు, టైర్లలో గాలి తీసేసి నిలబెట్టిన కాంక్రీట్ మిషన్ బండి. స్లాబు పోసి మూడు రోజులైంది. మధ్యాహ్నం. బండి నడిపే సతీశ్‌కు ఆ ఇంటి కోడలు వనిత అన్నం పట్టుకొచ్చింది.

“రెండు ముద్దలన్న తిను అన్నా. పొద్దటి సంది నీళ్లే తాగుతున్నవు.”

“ఆడ పెట్టు చెల్లె. తింట తియ్.”

“నిన్న గూడ తింట తియ్ అన్నవు. మాపటికి చూస్తే కుక్క తిన్నది. మా వాకిట్ల మనిషి పస్తుంటే నా బిడ్డకు మంచిదేనా?”

“మంచిది కాదని నీకు ఎరుక. మీ అత్తకు ఎరుక లేదు. బండి చావి ఇప్పియ్యి, సిరిసిల్లకు పోయి మా ఇంట్ల తింట.”

“చావి నా చేతుల లేదు.”

“మీ అత్త పోశవ్వ బొడ్ల సంచిల ఉన్నది. తానానికి పోయినా గా సంచి విప్పదట గద.”

“మా అత్తను అనకు. నీకేం ఎరుక. గీ ఇంటికోసం మా ఆయన ఆరేండ్ల సంది మస్కట్ల... సృజనా! ఓ సృజనా! స్లాబు కిందికి పోకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఇటు రా. ఇసుకల ఆడుకో.”

“ఆడుకోనియ్ చెల్లె పొల్లను. కింద సెంట్రింగ్ కట్టెలున్నన్ని దినాలు అది పడది.”

“నీ మాట నమ్మి నా బిడ్డను దాని కిందికి తోలాల్నా? నిన్న పెంటయ్య మేస్త్రి అందరి ముంగట ఇనుప మొల గుచ్చిండు. అరటిపండుల దిగినట్టు దిగింది.”

“ఎక్కడ గుచ్చిండు? గది చెప్పు.”

“ఎక్కడేంది? స్లాబుల.”

“స్లాబుల ఎక్కడ? నాలుగు డ్రమ్ముల మాలు పోసిన నేను. ఒక్కటే సిమెంటు. మీ మామ లస్మయ్య కోరుట్లల దగ్గరుండి ఎక్కిచ్చుకొచ్చిండు. ఒక్కటే ఇసుక, ఒక్కటే కంకర. వెనుక మూడు డ్రమ్ములు రాయి లెక్క అయినయి. మొదటి డ్రమ్ము ఒక్కటే, గా ఈశాన్యం మూల, దేవుని అర్ర మీద పోసింది, గది ఒక్కటే మెత్తగ ఎట్లున్నది?”

“నాకేం ఎరుకన్నా? తొమ్మిదిల బడి మానిపిచ్చి పెండ్లి చేసిండ్రు. సిమెంటు సంగతి నన్నడిగితే?”

“నేను పది ఫెయిల్. ఇద్దరికి సరిపోయింది.”

“నవ్వుతున్నవా? నాలుగు గంటలకు పంచాయితీ ఉంటే నవ్వెట్ల వస్తది నీకు?”

“నిన్న ఏడ్సి చూసిన. చావి రాలె.”

“మేస్త్రి ఏమంటున్నడంటే, మొదటి డ్రమ్ముల నీళ్లు ఎక్కువ కొట్టినవట. నీళ్ల మీటరు చూడలేదట.”

“మేస్త్రి అంటడు. నా మిషన్ రాకముందు స్లాబు అంటే ముప్పై మంది కూలోళ్లను తెచ్చి ఆయన పోసేటోడు. ఇప్పుడు నేను, నాలుగు చేతులు, ఒక లిఫ్టు. నేనంటే ఆయనకెట్ల మనసున వడ్తది? నీళ్లు ఎక్కువైతే పగుళ్లు వస్తయి, బలం తగ్గుతది. గని మూడు దినాలు గిట్ల పచ్చిగ ఉండది. ఇంకేదో కలిసింది దాంట్ల.”

“ఇంకేదో అంటే?”

“నువ్వే చెప్పాలె.”

“నేనెందుకు చెప్పాలె?... అన్నం చల్లారుతున్నది. పప్పుల ఉప్పు తక్కువైందా?”

“ఇంక ముట్టనే లేదు చెల్లె.”

“ఆ... తొక్కు తేవాల్నా మరి?”

“తొక్కు వద్దు. కూసో జర. నాలుగు గంటలకు ఏమైతదో ఎరుకేనా నీకు?”

“పెద్దమనుషులు వస్తరు.”

“వచ్చి?”

“మాట్లాడుతరు.”

“మాట్లాడుడు నిన్ననే అయిపోయింది. కాగితం గూడ రాసి పెట్టుకున్నరు. సంతకం పెడితే ఈ మిషన్ మీ ఇంటిది. పెట్టకపోతే స్టేషన్‌ల కేసు. మిషన్ మీద వచ్చినోన్ని బస్సుల పోవాలె. మా ఇంటిదానికి ఏడో నెల. బస్టాండుల దిగి దానికి ఏమని ఫోన్ చెయ్యాలె?”

“ఇంకో మిషన్... తెచ్చుకోరాదా?”

“మా నాయిన ఎనిమిది సాంచాల మీద బట్ట నేసేటోడు. సాంచాలు బందైనయి. పాత ఇనుము కొనేటోడు వచ్చి కిలోల లెక్క తూకమేసుకొని పోయిండు. మా నాయిన గా దినం గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, తూకం అయిపోయేదాంక లేవలె. నేను దుబాయ్‌ల నాలుగేండ్లు చేసిన. గా ఎనిమిది సాంచాలు, నా నాలుగేండ్లు, రెండు కలిపితే గీ ఒక్క మిషన్ అయింది. ఇంకోటి ఎక్కడికెళ్లి తెస్త?”

“...సృజనా! నెత్తి మీద ఇసుక పోసుకోకు బిడ్డా! కండ్లల్ల పడ్తది.”

“ఇయ్యాల పెగడపల్లిల మోరీ కాలువ పోసే పని ఉండె. పన్నెండు ఫోన్లు వచ్చినయి. ఎత్తుతలేను. ఎత్తి ఏం చెప్పాలె? మిషన్ ఉన్నది, నేనున్న, ఇద్దరం కూసున్నం అనాల్నా?”

“నేనేం చెయ్యాలె అన్నా? మా ఆయన చెప్పిందే మా మామ చేస్తున్నడు. పొద్దుమాపు ఫోన్ చేసి ఒక్కటే మాట. మిషన్ పోనియ్యద్దు, పైసలిస్తనంటే తీసుకోవద్దు, మిషనే పెట్టుకోండ్రి అని.”

“పైసలు వద్దన్నడా?”

“వద్దన్నడు.”

“స్లాబు మల్ల నా ఖర్చుతోటి పోసిస్త అన్న గద. గదీ వద్దన్నడా?”

“స్లాబును ముట్టనే ముట్టద్దన్నడు. విరగ్గొట్టద్దు, కట్టెలు గుంజద్దు, గోనె సంచులు తడిపి కప్పి ఉంచుండ్రి అన్నడు.”

“విరగ్గొట్టద్దన్నడా? పెంటయ్య విరగ్గొట్టాల్సిందే అంటుండె గద?”

“అంటే పెంటయ్యనే తిట్టిండు ఫోన్ల.”

“...మంచి మాటే చెప్పిండు మీ ఆయన. నేను గూడ గదే చెప్తుంటి. పచ్చిగున్నా పాడు కాలేదు. తడి ఆరకుంట చూసుకుంటే వారం దినాలల్ల గట్టివడుతది.”

“నిజంగనా? గట్టివడుతదా?”

“నేను చూసిన గనుక చెప్తున్న.”

“ఎక్కడ చూసినవు?”

“దుబాయ్‌ల. గక్కడ గిసొంటి మిషన్ కాదు, ప్లాంటుల మాలు నింపుకొని పోయే పెద్ద బండి నడిపేటోన్ని. వెనుక డ్రమ్ము తిరుగుకుంటనే ఉంటది. గా ఎండల తొవ్వ మీద బండ్లన్నీ ఆగినయనుకో, మాలు డ్రమ్ములనే గట్టివడుతది. గట్టివడితే ఇగ డ్రమ్మునే కోసి పారెయ్యాలె. అందుకే సీటు కింద చక్కెర పొట్లాలు పెట్టుకుంటుంటిమి.”

“చక్కెరెందుకు? చాయ్ తాగుతందుకా?”

“చాయ్‌కు కాదు చెల్లె. డ్రమ్ములకు గుమ్మరిచ్చుడు. రెండు మూడు కిలోలు గుమ్మరిస్తే సిమెంటు నిద్రపోతది. ఎంత తిప్పినా గట్టివడది. గల్ఫుల డ్రమ్ము బండి నడిపినోడు ఎవడైన సరే, వానికి గీ సంగతి ఎరుకుంటది.”

“ఒక్క చక్కెరకేనా గట్ల అయ్యేది?”

“ఎందుకు?”

“ఊకెనే అడుగుతున్న. వేరే ఏదన్న తీపిది... గిట్ల...”

“తీపిది ఏదైన సరే.”

“...నీళ్లు తెస్త ఉండు.”

“నీళ్లు ఉన్నయి. కూసో. ఎందుకు గట్ల చెమటలు పడ్తున్నయి?”

“ఎండ. ఎండకు... మా ఆయన గూడ గా డ్రమ్ము బండే నడుపుతడు. మస్కట్ల. ఒక్కనాడు చెప్పలె నాకు గీ ముచ్చట.”

“డ్రమ్ము బండా? ఊర్ల అందరు డ్రైవర్ అంటే నేను కారు డ్రైవర్ అనుకున్న.”

“కాదు. తిరిగే బండే. సృజన చిన్నప్పుడు వీడియోల గా డ్రమ్మును చూపెడితేనే అన్నం తినేది.”

“మస్కట్ల ప్లాంట్లు చాన మూతవడ్డయని మా దోస్తులు అన్నరు.”

“మా ఆయనది మూతవడలె. మూతవడితే నాకు చెప్పడా?”

“చెప్తడు. ఎందుకు చెప్పడు... లే, ఇటు రా. మిషన్ ముంగటి ఇనుప బకెట్ కాడ వంగి చూడు.”

“ఏమున్నది?”

“గా బకెట్ ఇనుప పండ్ల సందుల చూడు.”

“...చీమలు.”

“ఎర్ర చీమలు. మొన్నటి సంది పట్టినయి. కడిగిన, మల్ల వచ్చినయి. నేను దీంట్ల సిమెంటు ఎత్తుత, ఇసుక ఎత్తుత, కంకర ఎత్తుత. చీమలెందుకు వస్తయి చెల్లె?”

“అన్నా...”

“చెప్పు.”

“అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఎవ్వలకు చెప్పకు.”

“కాళ్లు ఇడువు. లే ముందుగాల. బిడ్డ చూస్తున్నది. ఏం వేసినవు?”

“బెల్లం.”

“ఎంత?”

“ఐదు కిలోలు.”

“ఐదు... ఎందుకు వేసినవు చెల్లె? ఎవలన్న గింత బెల్లం సిమెంటుల వేస్తరా?”

“మా అవ్వగారి ఊరు, నేను పుట్టిన బీర్పూర్ల ఎవలింట్ల స్లాబు పోసినా మొదటి గంప ఇంటి ఆడమనిషే ఎత్తాలె. గంపల పసుపు, కుంకుమ, రేగ్గాయంత బెల్లం ముక్క. గా గంప ఈశాన్యం మూలకు పొయ్యాలె. గప్పుడే ఇల్లు అచ్చివస్తది. ఇక్కడ మా అత్త ఏమన్నది? మిషన్ వస్తున్నది, గంపా లేదు ఏం లేదు అన్నది. నాకు మనసున వట్టలె. మొదటి గంప లేకుంట పోస్తే ఆయనకేమన్న అయితదేమో, బిడ్డకేమన్న అయితదేమో అని... నాకు గిట్లనే ఉంటది అన్నా, ఎప్పుడు ఏదో ఒకటి బుగులు.”

“గంప లేదు సరే. రేగ్గాయంత ముక్క బకెట్‌ల వేస్తే అయిపోయేది గద?”

“వేద్దామనే అనుకున్న. గని ముందు దినం పెంటయ్య మేస్త్రిని అడిగిన, ఒక డ్రమ్ముల ఎన్ని గంపల మాలు పడ్తదని. రెండు వందల యాభై గంపలు అన్నడు. గంపకు రేగ్గాయంత ముక్క అయితే రెండు వందల యాభై గంపలకు? లెక్క తీసిన. ఐదు కిలోలు వచ్చింది. లెక్కల్ల నాకు మంచి మార్కులు వచ్చేటియి అన్నా.”

“...లెక్క తప్పలేదు చెల్లె.”

“తక్కువ వేస్తే దేవుణ్ని మోసం చేసినట్టు అయితదనుకున్న. పొడి చేసి తాంబాళంల తెచ్చిన. నువ్వు వెనుక ట్యాంకుకు నీళ్లు పడుతున్నవు. బకెట్ కింద ఉన్నది, దాంట్ల సిమెంటు బస్తాలు ఇప్పి పోసిండ్రు. అత్త కొబ్బరికాయ కొట్టింది. అందరు కండ్లు మూసుకొని దండం పెడ్తున్నరు. సిమెంటు మీద పోసి చేతితోటి కలిపిన.”

“ఎవ్వలు చూడలేదా?”

“చూసినోళ్లు పసుపు కుంకుమ అనుకున్నరు. ఆయన ఒక్కడు చూసిండు.”

“ఎవరాయన?”

“మా ఆయన. వీడియో కాల్‌ల ఉండె. స్లాబు పోసుడు మొత్తం చూస్త అన్నడు. గంపల లెక్క చెప్పి తాంబాళం చూపెట్టిన. గింత బెల్లమా అని నవ్విండు. గంతే.”

“వద్దనలేదా?”

“ఏం అనలె. మల్ల ఫోన్ కట్ అయింది... ఎందుకట్ల చూస్తున్నవు?”

“ఏం లేదు.”

“ఏదో ఉన్నది నీ మనసుల.”

“ఏం లేదంటున్న గద.”

“ఇప్పుడేం చెయ్యాలె అన్నా? చెప్తే నన్ను ఉంచరు. మా అత్త బీర్పూర్ తోలిస్తది. నన్ను తోలిచ్చినా మంచిదే గని బిడ్డను ఇయ్యరు. ఆయన ఆరేండ్ల కష్టం, ఒక్క తాంబాళంతోటి... నేను చెప్పలేను. నాకు చెప్పరాదు.”

“నేనైతే చెప్పను.”

“నిజంగనా?”

“చీమలు చూసిన దినమే నాకు సమజైంది. చెప్పేదుంటే మొన్ననే చెప్పకపోదునా? మిషనోడు తన తప్పు కప్పుకునేటందుకు మా కోడలు మీద తోసిండు అంటరు. గదీగాక, ఆడివిల్ల పేరు తీసి చావి గుంజుకుంటే గా చావి నా చేతుల ఉంటదా? నువ్వే చెప్తవేమో అని చూసిన. రోజు రెండుసార్లు అన్నం తెస్తివి. తెచ్చినప్పుడల్ల ఇయ్యాల చెప్తదేమో అనుకున్న.”

“అందుకే తింటలేవా?”

“ఆకలి గూడ లేకుండె తియ్.”

“...మామ వస్తున్నడు. కండ్లు తుడుచుకోనియ్. నీకు దండం పెడ్త, ఏం అనకు.”

“ఏందే వనితా! బువ్వ పెట్టి రమ్మంటే గంటసేపు ముచ్చటనా? అన్నం పెట్టుమన్న గని ఆయనతోటి కూసొని మాట్లాడుమన్ననా?”

“లేదు మామా. తింటలేడని...”

“తినకపోతే మానె. ఓ పిలగా, పెద్దమనుషులు బయలెల్లిండ్రు. ఇగో, మా మధుకర్ గూడ ఫోన్ల ఉన్నడు. స్పీకర్ పెట్టిన. ఏమన్న ఉంటే వానితోటే మాట్లాడు, వానికి గీ పనులు ఎరుక. కొడకా, ఇనవడ్తున్నదా?”

“ఇనవడ్తున్నది బాపు. సంతకం పెట్టిండా?”

“ఇంక లేదు. ఒచ్చినంక.”

“ముందుగాల గదే చెయ్యిండ్రి. లేటు చెయ్యకుండ్రి. వాడు మాటలు చెప్తడు, వినకుండ్రి.”

“పెడ్త లస్మయ్య మామా. కాగితం తెండ్రి.”

“అన్నా! ఏం మాట్లాడుతున్నవు?”

“ఊకో చెల్లె. మీ ఇంట్ల కయ్యం వద్దు. నేను బస్సుకు పోత.”

“చెల్లెనట! ఏందే వనితా, ఏం నడుస్తున్నది గిక్కడ?”

“ఏం నడుస్తలేదు మామా. పంచాయితీ ఆపుండ్రి. గాయన తప్పు లేదు.”

“ఎవరు బాపు, వనితనా? ఆమెను లోపటికి తోలు. ఆడోళ్లకేం పని గక్కడ?”

“ఉండురా, ఏదో అంటున్నది. ఏంది బిడ్డా? ఎవరి తప్పు లేదు?”

“మిషన్ తప్పు లేదు. నీళ్ల తప్పు లేదు. నేను... మొదటి డ్రమ్ముల నేను బెల్లం వేసిన. ఐదు కిలోలు.”

“బెల్లం వేసినవా? వేస్తే ఏమైతది?”

“సిమెంటు గట్టివడది మామా. గందుకే దేవుని అర్ర మీద ఒక్కటే మెత్తగున్నది.”

“బాపు, ఆమె మాట వినకు. ఆమెకు ఊకె భయం, భయంల ఏదో ఒకటి అంటది. గా మిషనోడు నేర్పిచ్చిండు.”

“ఔ, గదే అనిపిస్తున్నది నాకు గూడ. ఇరవై ఎనిమిది బస్తాల సిమెంటు ఒక్కో డ్రమ్ముల. ఐదు కిలోల బెల్లం దాన్ని ఆపుతదా? ఎవ్వలన్న ఇంటే నవ్వుతరు.”

“లొట్టిల సున్నం ఎంత రాస్తవు మామా?”

“ఏంది?”

“నీరా కోసం తాటిచెట్టుకు లొట్టి కడ్తవు గద. కట్టేముందు లోపట సున్నం ఎంత రాస్తవు?”

“వేలుకు అంటేటంత. ఎందుకు?”

“రాయకపోతే?”

“తెల్లారేవరకు పులిసి కల్లయితది.”

“వేలుకంటిన సున్నం లొట్టెడు నీరాను పులవకుంట ఆపుతది. ఐదు కిలోల బెల్లం డ్రమ్మెడు సిమెంటును ఆపదా మామా? కొట్టినా మంచిదే, బీర్పూర్ తోలినా మంచిదే. గాయన ఇంటిదానికి ఏడో నెల. నా తప్పుకు ఆ ఇంట్ల పొయ్యి ఆర్పకుండ్రి. రాండ్రి, బకెట్ కాడ చీమలు పట్టి ఉన్నయి, చూసుకోండ్రి.”

“...ఎర్ర చీమలే. ఏం పని చేసినవే బిడ్డా.”

“మొదటి గంప లేదని...”

“ఊకో. ఏడ్వకు. మొదటి గంప మా అవ్వ గూడ ఎత్తింది. పోశవ్వా! ఓ పోశవ్వా! గా చావి ఇటు పట్టుకరా.”

“బాపు! చావి ఇయ్యకు!”

“ఎందుకురా? తప్పు మనింటిది.”

“తప్పు ఎవలదైతే ఏంది? ఎవ్వలకు ఎరుక లేదు గద. పెద్దమనుషులు వచ్చేదాంక ఆగు. చావి మాత్రం ఇయ్యకు.”

“ఏందయ్యా నీ లొల్లి? కొడుకు ఇయ్యద్దంటున్నడు, నువ్వు ఇయ్యుమంటున్నవు. ఇగో చావి. నేనైతే కొడుకు మాటే ఇంట.”

“ఇటు తే పోశవ్వా. నలభై ఏండ్ల సంది మండువ కాడ కల్లు పోస్తున్న, ఒక్క సీసల నీళ్లు కలిపినోన్ని కాదు. గిప్పుడు ఒకని మిషన్ గుంజుకుంటనా? పట్టు పిలగా. గాలి నేనే కొట్టిపిస్త. పెద్దమనుషులకు నేనే చెప్త.”

“లస్మయ్య మామా... నేను గా మూల కాడికి దినం తప్పి దినం వచ్చి చూస్త. గట్టివడేదాంక. నా మాట.”

“బాపు, నీకు సమజైతలేదు! గా స్లాబుకు ఏం కాదు, వారం దినాలల్ల అదే గట్టివడుతది. గని మిషన్ పోతే మల్ల దొరకది!”

“గట్టివడుతదా?”

“గట్టివడుతది బాపు, తీపి కలిస్తే జర లేటు గంతే...”

“నీకెట్ల ఎరుకరా కొడకా? విరగ్గొట్టద్దంటివి. కట్టెలు గుంజద్దంటివి. మొన్న పొద్దుగాల నేను ఫోన్ల మెత్తగున్నదని చెప్పంగనే అంటివి. గప్పటికి బెల్లం సంగతి మా ఎవ్వలకు తెల్వది. నీకెట్ల ఎరుక?”

“సిగ్నల్ సరిగ లేదు బాపు, మల్ల చేస్త.”

“ఫోన్ పెట్టకు. ఇటియ్యి మామా. ...నేనే. ఇనవడ్తున్నదా? చక్కెర పొట్లం నీ సీటు కింద గూడ ఉంటుండెనా?”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“ఉంటుండెనా లేదా?”

“...ఉంటుండె.”

“మరి గా దినం తాంబాళం చూపెడితే నవ్వినవు గద. ఐదు కిలోలని చెప్పిన. గంపల లెక్క గూడ చెప్పిన. వద్దు అని ఒక్క మాట అంటే నేను వెయ్యకపోదును. మూడు దినాల సంది నాకు బువ్వ దిగుతలేదు, స్లాబు పడితే బిడ్డ ఏమైతదో అని. నువ్వు గా పొద్దున నన్ను చూడనే లేదా? బిడ్డ మీద ఒట్టేసి చెప్పు. చూడలేదా?”

“చూసిన. ఆపు అని నోటి దాంక వచ్చింది వనితా. గప్పుడే నువ్వు ఫోన్ పక్కకు తిప్పినవు, ఫోన్ నిండ గా మిషన్ కనవడ్డది, గదుంటే ఊర్లనే బతుకుత అనిపిచ్చింది... నా బండి చావి కంపెనోళ్లు గుంజుకొని నాలుగు నెలలాయె.”